పల్లీల సూప్: పేరు ఒకరికి, పనితనం మరొకరిది

పల్లీలతో చేసే చిక్కటి శాకాహార సూప్ ప్రస్తావన వస్తే అమెరికాలో రెండు పేర్లు ముందుగా వినిపిస్తాయి. ఒకటి, మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో శానిటోరియం నడిపిన డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్. మాంసం మాన్పించిన రోగులకు బలమైన తిండి పెట్టాలని, గింజల్ని ముద్దగా నూరే పద్ధతికి 1895లో పేటెంటు కోరారు. రెండోది, అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్. పత్తిని పురుగు తినేస్తున్న రోజుల్లో, నేలకు నత్రజని చేర్చే వేరుశనగ వేయమని రైతులకు చెబుతూ, 1916లో 105 వంటకాల పుస్తకం వెలువరించారు. అందులో సూపులూ ఉన్నాయి. ఇద్దరి కృషీ గొప్పదే. అయితే ఈ వంటను వాళ్లు ప్రచారంలోకి తెచ్చారే తప్ప పుట్టించలేదు. దాని వెనకున్న విద్య ఆఫ్రికా వంటగత్తెలది.

వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు ఓడల మీద 16వ శతాబ్దంలో పశ్చిమ ఆఫ్రికా చేరింది. అక్కడివాళ్లకు అది వింత పంట కాలేదు. భూమిలోనే కాయ కాసే బంబారా పప్పును వాళ్లు అప్పటికే పండించి వండుకుంటున్నారు. కొత్త కాయ ఆ పాత వంటల్లో తేలిగ్గా కుదురుకుంది. బానిసలుగా అమ్ముడైన ఆఫ్రికన్లతో ఆ వంట అట్లాంటిక్ దాటింది. 1847లో సారా రట్‌లెడ్జ్ ప్రచురించిన 'ది కరొలైనా హౌస్‌వైఫ్'లో వేరుశనగ సూప్ ఉంది. రచయిత్రి సంపన్న శ్వేతజాతి మహిళ. అప్పట్లో దక్షిణ కరొలైనా తీరనగరం చార్ల్‌స్టన్‌లో అలాంటి ఇళ్ల పొయ్యిల దగ్గర నిలబడింది మాత్రం బానిస స్త్రీలు. ఇది కెలాగ్ పేటెంటుకు దాదాపు అర్ధ శతాబ్దం ముందు మాట.

రట్‌లెడ్జ్ సూప్‌లో ఆల్చిప్పల మాంసం ఉంది, ఆఫ్రికాలోనూ కోడో చేపో వేస్తారు, కాబట్టి శాకాహారంగా మార్చిన ఘనత బాటిల్ క్రీక్‌దే కదా అనవచ్చు. వంటలో ఏది ఏ పని చేస్తుందో చూస్తే ఈ వాదన పలచబడుతుంది. వేరుశనగ జాతికి పప్పుధాన్యం, గుణానికి నూనెగింజ. అందులో దాదాపు పాతిక శాతం మాంసకృత్తులు, సగం దాకా నూనె. మెత్తగా నూరి నీళ్లలో కలిపితే మాంసకృత్తులు నూనె బొట్లను పట్టి ఉంచుతాయి, పులుసు పాలలా చిక్కబడుతుంది. మాంసం రుచినిస్తుంది, చిక్కదనం పల్లీలదే. మాంసం తీసేసినా సూప్ నిలుస్తుంది, పల్లీలు తీసేస్తే నీళ్లే మిగులుతాయి. కెలాగ్ తీసేసింది తీసేయగలిగినదాన్నే.

గింజలు నూరి పులుసు చిక్కబరచడం ఎవరికైనా తోచేదే, ఆఫ్రికాకే ఎందుకు కట్టబెట్టాలన్నది మరో అభ్యంతరం. నిజమే, హైదరాబాదు మిర్చీ కా సాలన్‌కు పల్లీలు, నువ్వులు, కొబ్బరి ముద్దే ప్రాణం. దానికి ఆఫ్రికా పాఠం అక్కర్లేదు. ఒకే ఉపాయం పలుచోట్ల పుట్టవచ్చు. కానీ ఇక్కడి ప్రశ్న అది అమెరికా కుండలోకి ఏ దారిన వచ్చిందన్నది. బానిస వంటగత్తెలు వండిన తీరంలోనే తొలినాటి వంటకం అచ్చయినప్పుడు, ఆ దారి ఆఫ్రికా నుంచే అనుకోవడం సమంజసం. కార్వర్ వంటకాల్లో సైతం చాలావి పత్రికల నుంచి, వంట పుస్తకాల నుంచి సేకరించినవే. పేటెంటు యంత్రానికీ పద్ధతికీ దొరుకుతుంది, రోలు దగ్గర నేర్చిన పనికి దొరకదు. ఆహార చరిత్రను పేటెంట్లతో, అచ్చయిన పేర్లతో మొదలుపెట్టినంతకాలం ఆ వంటగత్తెలు లెక్కలోకి రారు.