కిట్టీ ఎవరి జేబులోకి?

అమెరికా వెళ్ళొచ్చిన మిత్రులు చెప్పే కబుర్లలో ‘కాసినో నైట్’ ఒకటి. బడికో, చర్చికో, ఆసుపత్రికో డబ్బులు కావాలి. ఒక హాలు తీసుకుంటారు. బ్లాక్‌జాక్, రూలెట్ బల్లలు అద్దెకు తెస్తారు. ఊళ్ళో టీచర్లూ, ఇంజనీర్లే ఆ సాయంత్రానికి జీతం లేని డీలర్లు. వచ్చినవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని చిప్పులతో ఆడతారు, ఖర్చులు పోగా మిగిలింది సేవకి. మిషిగన్‌లో దీనికి ‘మిలియనీర్ పార్టీ’ అని పేరు కూడా ఉంది, ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది.

అమీర్‌పేటలో మా ఆఫీసులో కూడా ఓసారి ఈ మాట వచ్చింది. కూతవేటు దూరంలో పంజాగుట్ట నిమ్స్. వైద్యం ఖర్చుకి దిక్కుతోచని కుటుంబాలను అక్కడ రోజూ చూస్తాం. ‘వాళ్ళ కోసం మనమూ ఒక కాసినో నైట్ పెడితే పోలా?’ అన్నారొకరు. ‘పెడితే పోవడమే, స్టేషన్‌కి!’ అన్నారింకొకరు. అందరూ నవ్వేశారు గానీ, ఈ ప్రశ్నకి జవాబు మన జంటనగరాల్లోనే, అరవై ఏళ్ళ క్రితపు ఒక కేసులో ఉంది.

ముందు ఆట సంగతి. ఉద్యోగం చేసుకునేవాడు ఒక్క సాయంత్రంలో డీలర్ ఎలా అవుతాడు? ఎందుకంటే డీలర్ ఆలోచించక్కర్లేదు. బ్లాక్‌జాక్‌లో తన ముక్కలు 16 లేదా అంతకన్నా తక్కువైతే ఇంకో ముక్క తీసుకోవాలి, 17 లేదా అంతకన్నా ఎక్కువైతే ఆగిపోవాలి. మా భాషలో చెప్పాలంటే ఒక ‘ఇఫ్’, ఒక ‘ఎల్స్’, అంతే. డీలర్‌కి తెలివి అవసరం లేదు, ఆ తెలివేదో ఆట నియమాల్లోనే దాచిపెట్టారు. రూలెట్ చూడండి. ఒక సున్నా ఉన్న చక్రం మీద 37 గళ్ళుంటాయి. గడికో రూపాయి చొప్పున అన్నిటి మీదా పెడితే పెట్టుబడి 37, చేతికొచ్చేది 36. పోయిన ఆ రూపాయి బల్ల యజమానిది. శాతంలో 2.7. డీలర్ దొంగాట ఆడక్కర్లేదు, చక్రం తిప్పుతూ ఉంటే చాలు. మన రమ్మీలో ఇలాంటి యజమాని లేడు. ఆడేవాళ్ళ డబ్బు ఆడేవాళ్ళ మధ్యే తిరుగుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక కేసు. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కొందరు పందెం కట్టి రమ్మీ ఆడుతున్నారు. పందెం సొమ్ము, అంటే కిట్టీ, క్లబ్బు కార్యదర్శి దగ్గరుంది. దాడి సమయంలో అక్కడ లేని కోశాధికారిని కూడా ముద్దాయిగా చేర్చారు. పెట్టిన కేసు హైదరాబాద్ జూద చట్టం కింద. అది ఫసలీ 1305 నాటిది, అంటే ఇంచుమించు 1895-96, ఆరో నిజాం కాలం. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. అదే ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ’. దేశంలో రమ్మీ గురించి ఎక్కడ వాదన జరిగినా ఈ సికింద్రాబాద్ కేసు ప్రస్తావన రావాల్సిందే.

ఈ తీర్పులో అందరికీ గుర్తుండేది ఒక్క ముక్క: రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట. నా దృష్టిలో అసలు విషయం రెండో ముక్కలో ఉంది. బిలియర్డ్స్‌కీ, టెన్నిస్‌కీ రుసుము తీసుకున్నట్టే పేకాటకీ కొంత తీసుకోవచ్చు, అది విపరీతంగా లేకపోతే క్లబ్బు లాభం చేసుకుంటున్నట్టు కాదు అంది కోర్టు. కానీ రమ్మీ అయినా సరే, పందెపు ఆట మీద క్లబ్బు యజమాని లాభం గుంజుతున్నాడని సాక్ష్యముంటే నేరం నిలబడవచ్చు అని కూడా హెచ్చరించింది. అంటే కోర్టు ముక్కల్ని ఎంత చూసిందో, కిట్టీ ఎటు పోతోందో కూడా అంతే చూసింది.

విచిత్రమేమిటంటే కాలిఫోర్నియా చట్టం అడిగేదీ ఇదే. అక్కడ సేవాసంస్థలు కాసినో నైట్ పెట్టుకోవచ్చు గానీ, వసూళ్ళలో కనీసం 90 శాతం నేరుగా సంస్థకే చేరాలి, నగదు బహుమతి ఉండకూడదు. వలంటీర్ డీలర్ల అవసరం ఇక్కడే తెలుస్తుంది. జీతాలిస్తే ఆ పది శాతంలో సర్దుకోవడం కష్టం.

మరి ఇక్కడ పెట్టొచ్చా? నిజాం చట్టం స్థానంలో 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక అదే తెలంగాణ చట్టమైంది. దాని ప్రకారం ‘గేమింగ్’ అంటే డబ్బు రూపంలో గానీ, మరో రూపంలో గానీ గెలుపు కోసం, బహుమతి కోసం ఆడటం. ఆ ‘మరో రూపం’ అన్న మాట చూశారా? ఉత్తుత్తి చిప్పులే కదా అని, ఎక్కువ చిప్పులు గెలిచినవాళ్ళకి చివర్లో ఒక మిక్సీ ఇద్దామనుకున్నా చిక్కే. పైగా బ్లాక్‌జాక్, రూలెట్‌లకి రమ్మీకిచ్చిన నైపుణ్యం గొడుగు ఎప్పుడూ లేదు. ఆ గొడుగు రమ్మీకి కూడా మిగల్లేదు. అప్పులపాలైన కుటుంబాల కథలు వినీ వినీ తెలంగాణ ప్రభుత్వం 2017లో ముందు ఆర్డినెన్సు, తర్వాత సవరణ చట్టం తెచ్చి పందెం రమ్మీని మూసేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని ఆన్‌లైన్ ఆటలకీ వర్తింపజేసింది. 2025లో పార్లమెంటు దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. మలక్‌పేటలో గుర్రాల మీద పందెం మాత్రం చట్టబద్ధంగానే సాగుతోంది. అది నైపుణ్యమేనని సుప్రీంకోర్టు 1996లో ఇంకో కేసులో చెప్పింది. గుర్రానికున్న అదృష్టం జోకరుకి లేదు!

సేవ కోసమే కదా అంటే చట్టం కరగదు. ఆ సంగతి సరదాగా డీలర్ కోటు తొడుక్కునే వలంటీరు ముందే తెలుసుకోవాలి. క్రెసెంట్ క్లబ్బు కోశాధికారి బల్ల దగ్గర లేకుండానే ముద్దాయి అయ్యాడు, బల్ల వెనక నిలబడి చక్రం తిప్పేవాడి మాటేమిటి?

నా అభిప్రాయం ఇది. ఉత్తుత్తి చిప్పుల కాసినో నైట్‌లో సేవకి డబ్బు తెచ్చేది టిక్కెట్టు, చక్రం కాదు. నిజం డబ్బు పెడితే చక్రమే తెస్తుంది, కానీ అప్పుడది విరాళం కాదు, ఓడిపోయినవాడి దగ్గర లాక్కున్నది. నిమ్స్ మొదలైంది నిజాం చారిటబుల్ ట్రస్టు పెట్టిన ఎముకల ఆసుపత్రిగా. అక్కడి రోగుల కోసం డబ్బు కావాలంటే నేరుగా అడుగుదాం, టిక్కెట్టు పెట్టి పాటల పోటీ చేద్దాం. పేకముక్కలు సంక్రాంతికి ఇంట్లో, పందెం లేకుండా.

కాదంటారా? మీ వాదన వినడానికి నేను సిద్ధం. పందెం మాత్రం కాయను.