మార్జిన్‌లో రెండు ముక్కలు

రాయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్ళని ఎందుకని అడిగితే దాదాపు రెండే జవాబులొస్తాయి. ఎవరూ చదవట్లేదు అంటారు. లేదా, నేను కొత్తగా చెప్పేదేముంది, అన్నీ ఎవరో ఒకరు చెప్పేశారుగా అంటారు. ఈ రెండు బెంగలూ పాతవే. పదహారో శతాబ్దపు ఫ్రాన్స్‌లో మిషెల్ ద మాంటేన్ వీటిని పక్కన పెట్టుకునే ఇరవై ఏళ్ళు రాశాడు.

1571లో, 38 ఏళ్ళకి, బోర్డో న్యాయస్థానంలో ఉద్యోగం వదిలేసి తన కోట బురుజులో పుస్తకాల మధ్య చేరాడు. ఇక ప్రశాంతంగా ఉండొచ్చనుకున్నాడు. తీరా చూస్తే బుర్ర కళ్ళెం తెంచుకున్న గుర్రంలా పరిగెత్తింది. ఆ పిచ్చి ఆలోచనల్ని కాగితం మీద పెడితే, ఎప్పటికైనా బుర్ర తనని చూసి తనే సిగ్గుపడుతుందని రాయడం మొదలుపెట్టాడు. అవి 1580లో బోర్డోలో రెండు భాగాలుగా అచ్చయ్యాయి. వాటికి 'ఎస్సే'లని పేరు పెట్టాడు. ఫ్రెంచిలో ఆ మాటకి ప్రయత్నం, పరీక్ష అని అర్థం.

ముందుమాటలో పాఠకుడికి పెద్ద ఆశలేమీ పెట్టలేదు. ఈ పుస్తకం బంధుమిత్రుల కోసం, తను పోయాక గుర్తుచేసుకోడానికి. ఇంత చిన్న విషయం మీద మీ తీరిక పాడుచేసుకోకండి అన్నాడు. అలా అన్నవాడే ఒక ప్రతి తీసుకెళ్ళి రాజు మూడో హెన్రీకి ఇచ్చాడు! అంటే ఆశ లేక కాదు. ఎవరో చదివితేనే రాస్తానని షరతు పెట్టుకోలేదు, అంతే. సొంత ప్రాంతంలో అచ్చుకి తనే డబ్బులిచ్చుకోవాలి, దూరప్రాంతాల్లో అయితే వాళ్ళే తనకిస్తారు అని తర్వాత ఒకచోట నవ్వుకున్నాడు కూడా.

ఇక కొత్తదనం సంగతి. తొలి వ్యాసాల్లో చాలావరకు చదివిన పుస్తకాల్లోంచి ఏరిన కథలూ సూక్తులే. సెనెకా, ప్లూటార్క్ పేజీ పేజీకీ కనిపిస్తారు. కొన్నిచోట్ల కావాలనే పేరు చెప్పకుండా వాడుకున్నానని ఒప్పుకున్నాడు. విమర్శకులు తనని తిడుతున్నామనుకుని ప్లూటార్క్‌ని తిట్టాలని ఆయన సరదా. తేనెటీగ పూలన్నీ తిరిగి తెచ్చినదాన్ని తన తేనెగా మార్చుకున్నట్టు చదువు ఉండాలన్నాడు. ఆ తేనెటీగ పోలిక కూడా సెనెకా ఉత్తరాల్లో ఉన్నదే.

మరి మాంటేన్ సొంతం ఏమిటి? దాన్ని ఇప్పటి ప్రతుల్లో కళ్ళతో చూడొచ్చు. చాలావాటిలో వాక్యాల పక్కన ఎ, బి, సి అని గుర్తులుంటాయి. ఎ అంటే 1580 నాటిది, బి అంటే 1588లో చేరినది, సి అంటే ఆ తర్వాత చేత్తో రాసినది. ప్రోగ్రామర్లకి ఇది బాగా తెలిసిన దృశ్యం: ఏ లైను ఏ తేదీన మారిందో పక్కనే కనిపిస్తుంది. పాత వాక్యాల్ని పెద్దగా కొట్టేయకుండా మధ్యమధ్యలో కొత్తవి దూర్చుకుంటూ పోయాడు. పొరలు పెరిగేకొద్దీ తన జబ్బులూ, మరపూ, భయాలూ ఎక్కువగా కనిపిస్తాయి.

స్నేహం మీద రాసిన వ్యాసం చూడండి. ఆయన ప్రాణస్నేహితుడు ఎటియెన్ ద లా బొయెసీ 1563లో చనిపోయాడు. అతన్ని ఎందుకంత ప్రేమించావని అడిగితే చెప్పడం నావల్ల కాదు అని 1580లో రాసి ఊరుకున్నాడు. 1588 ప్రతి మార్జిన్‌లో మాత్రం ఆ వాక్యానికి కొనసాగింపు ఉంది. మొదట కారణంగా స్నేహితుణ్ణి చూపించాడు. తర్వాత, ఇంకో సిరాతో, తనని కూడా చేర్చుకున్నాడు. కలిపితే పట్టుమని పది మాటలుండవు. స్నేహితుడు పోయిన పాతికేళ్ళకి గానీ అవి దొరకలేదు.

మాంటేన్ 1592లో పోయాడు. ఆ మాటలు మొదటిసారి అచ్చులోకి వచ్చింది 1595లో. ఇవాళ ఆయన్ని చదవనివాళ్ళకి కూడా తెలిసిన వాక్యం అదే. ఆయన బతికుండగా వచ్చిన ఏ ముద్రణలోనూ అది లేదు.