నౌపడ తీరం: రేవులు, జెట్టీలు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు పేరుపడ్డ ఊరు. 1900లో పర్లాకిమిడి రాజావారు ఇక్కడి నుంచి తమ పట్టణానికి చిన్న రైలు నడిపించారు. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. రైలుకు దొరికిన ఆ ఆదరణ పక్కనే ఉన్న సముద్రపు ఒడ్డుకు దొరకలేదు. ఉత్తరాన బారువ, దక్షిణాన కళింగపట్నం పాత రేవులే అయినా, ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. రెండు రేవులూ క్రమంగా మూతపడ్డాయి.

స్వాతంత్ర్యానంతరం పెద్ద ఓడరేవులు కేంద్రం కిందికి, చిన్నవి రాష్ట్రాల అజమాయిషీలోకి వెళ్లాయి. చేపల రేవులకు ఉభయ ప్రభుత్వాలూ నిధులిస్తాయి. ఆ వరసలో నౌపడకు దగ్గరలోని భావనపాడులో హార్బర్ కట్టారు. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. అడ్డుగోడ కడితే దక్షిణం వైపు మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. భావనపాడు మొగ అలాగే పూడిపోయి హార్బర్ అక్కరకు రాకుండా పోయింది. ఇలాంటి చోట కట్టడానికి ఒకసారి ఇచ్చే డబ్బు చాలదు. పూడిక తీతకు ఏటా నిధులు కావాలి.

జెట్టీ లేని పేటల్లో పదిమంది భుజం పట్టి పడవను అలల్లోకి నెడతారు. తిరిగొచ్చాక ఇసుక మీదికి లాగుతారు. చేపల వేలం పాట అక్కడే, ఎండలోనే. మంచు లేక, నీడ లేక సరుకు చెడితే ధర తెగ్గోస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే తీరం దాటినప్పుడు ఒడ్డున నిలిపిన పడవలు, వలలు ఎన్నో పాడయ్యాయి.

193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోవడానికి ఈ లోటు ఒక ముఖ్య కారణం. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది విడుదలయ్యారు. సొంత ఊళ్లో రేవు కావాలన్న పాత కోరికకు ఆ తర్వాత ప్రభుత్వాలు కాస్త చెవి ఒగ్గాయి.

2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఇదే తీరంలోని మూలపేట పోర్టుకు, ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన చేశారు. పోర్టు ప్రాజెక్టు అంచనా సుమారు 4,362 కోట్లు, హార్బర్‌ది సుమారు 366 కోట్లు. పోర్టుకు చోటిచ్చి కదిలిన మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకు నౌపడలోనే పునరావాస కాలనీ తలపెట్టారు. ఓడల రేవుకు ఇచ్చిన ప్రాధాన్యం చిన్న పడవ దిగే చోటుకూ దక్కాలి. ముఖ్యంగా పోర్టు కట్టడాల పక్కన ఊరివాళ్లు సముద్రంలోకి వెళ్లే దారిని పథకంలోనే రాసి ఉంచడం అవసరం.