కేంద్ర విద్యా నిధులు - ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత పాఠశాలలు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలోని గ్రామీణ పాఠశాలలకు ఉపాధ్యాయుల జీతాలు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వం నుండి వస్తాయి. పాఠశాల దైనందిన ఖర్చులు, మరమ్మతులు, అదనపు గదులు, శిక్షణ వంటి వాటికి మాత్రం కేంద్ర ప్రాయోజిత పథకాల నిధులే ముఖ్య ఆధారం. ఈ నిధులు ఢిల్లీ నుండి పల్లెలోని బడి వరకు చేరే మార్గము, వాటిని ఖర్చు చేసే విధానము, చిన్న పాఠశాలలకు ఎదురయ్యే ఇబ్బందులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ప్రాంత పరిచయం

ఉదయగిరి, ఆత్మకూరు పూర్వం తాలూకా కేంద్రాలు. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినవి. ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం, జలదంకి మండలాలు, ఆత్మకూరు నియోజకవర్గంలో ఆత్మకూరు, అనుమసముద్రంపేట, మర్రిపాడు, అనంతసాగరం, సంగం, చేజర్ల మండలాలు ఉన్నవి. పెన్నా నది, సోమశిల జలాశయం ఆధారంగా సాగు జరిగే గ్రామాలు ఆత్మకూరు వైపున ఉండగా, వెలిగొండల పాదాన ఉన్న ఉదయగిరి వైపు అధిక భాగం మెట్ట ప్రాంతం. వర్షాభావ సంవత్సరాలలో కూలిపనులకై కుటుంబాలు ఇతర ప్రాంతాలకు తరలిపోవడం ఇక్కడ పాత సమస్య. గ్రామాలు దూరదూరంగా ఉండుటచే, ఒకరిద్దరు ఉపాధ్యాయులతో, తక్కువ మంది పిల్లలతో నడిచే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు ఇక్కడ సాధారణం. నిధుల కేటాయింపు విద్యార్థుల సంఖ్యతో ముడిపడి ఉన్నందున ఈ అంశం చాలా ముఖ్యమైనది.

చారిత్రక నేపథ్యం

భారత రాజ్యాంగానికి 1976లో చేసిన 42వ సవరణ ద్వారా విద్య ఉమ్మడి జాబితాలో చేరింది. దీనితో విద్యావిషయాలలో కేంద్రం పాత్ర పెరిగింది. 1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనోపకరణాలు ఉండవలెనన్నది దాని ఉద్దేశం.

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో ఏర్పడింది. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం కేంద్ర, రాష్ట్ర నిధులతోనే నడిచింది. ఆ రాత్రి బడులలో చదువు నేర్చిన కలిగిరి మండలం దూబగుంట గ్రామ మహిళలు 1992లో సారా వ్యతిరేక పోరాటానికి నాంది పలికారు. విద్యకు వచ్చిన కొద్దిపాటి నిధులు గ్రామస్తుల చొరవ తోడైనపుడు ఎంతటి ఫలితాన్ని ఇవ్వగలవో తెలుపుటకు ఇది ఈ ప్రాంతపు సొంత ఉదాహరణ.

జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం దేశంలో 1994లో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1996లో మొదటి విడతగా ఎంపికైన ఐదు జిల్లాలలో నెల్లూరు ఒకటి. మిగిలినవి విజయనగరం, కర్నూలు, కరీంనగర్, వరంగల్లు. దీనికి బ్రిటిష్ ప్రభుత్వ సహాయం లభించింది. మండల వనరుల కేంద్రాలు, పాఠశాల గ్రాంటు, ఉపాధ్యాయ గ్రాంటు అనే మాటలు ఇక్కడి ఉపాధ్యాయులకు పరిచయమైనది ఈ కార్యక్రమంతోనే. 1998లో రాష్ట్ర శాసనసభ చేసిన సామాజిక భాగస్వామ్య చట్టం ద్వారా పాఠశాల విద్యా కమిటీలు ఏర్పడి, తల్లిదండ్రులకు నిధుల వినియోగంలో భాగం కలిగింది.

సర్వశిక్షా అభియాన్ 2001 నుండి దేశమంతటా అమలైంది. రాష్ట్రంలో ఇది కొంతకాలం రాజీవ్ విద్యా మిషన్ అను పేరుతో నడిచింది. 2009లో ఉన్నత పాఠశాలల కొరకు రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ వచ్చింది. ఈ రెండింటిని, ఉపాధ్యాయ విద్యా పథకాన్ని కలిపి 2018లో సమగ్ర శిక్ష పథకంగా రూపొందించారు. 2021లో కేంద్ర మంత్రివర్గం దీనిని 2026 మార్చి 31 వరకు కొనసాగించుటకు ఆమోదించింది. ఆ ఐదేళ్ళకు మొత్తం అంచనా 2,94,283 కోట్ల రూపాయలు. అందులో కేంద్రం వాటా 1,85,398 కోట్లు.

కేంద్ర, రాష్ట్ర వాటాలు

సర్వశిక్షా అభియాన్ ఆరంభంలో కేంద్రం 85 శాతం, రాష్ట్రం 15 శాతం భరించేవి. పదవ పంచవర్ష ప్రణాళిక కాలంలో ఇది 75:25 అయింది. ఆ తరువాత కేంద్రం వాటాను క్రమంగా తగ్గించారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన పిమ్మట 65:35గా నిర్ణయించారు. 2015-16 నుండి ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకు 60:40 నిష్పత్తి అమలైంది. కేంద్రం నిధుల కొరకు 2004లో ఆదాయపు పన్ను మొదలగు వాటిపై 2 శాతం విద్యా సెస్సు విధించింది. 2018లో ఇది 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సుగా మారింది.

రాష్ట్రం తన వాటాను సకాలంలో జమ చేయకపోయినా, గత వాయిదాకు వినియోగ ధ్రువపత్రాలు పంపకపోయినా తరువాతి వాయిదా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం చివరకు చేరేది పాఠశాలకే.

నిధులు చేరే మార్గం

మన దేశంలో అమెరికాలో వలె స్వతంత్రంగా పన్ను వసూలు చేసుకునే పాఠశాల జిల్లాలు లేవు. ఇక్కడ ప్రణాళిక పాఠశాల నుండి పైకి, డబ్బు ఢిల్లీ నుండి కిందికి ప్రయాణిస్తాయి.

ప్రతి పాఠశాల సెప్టెంబరు 30 నాటి స్థితిని ఆధారంగా చేసుకుని విద్యార్థులు, ఉపాధ్యాయులు, గదులు, మరుగుదొడ్లు, తాగునీరు మొదలగు వివరాలను యు-డైస్ పత్రంలో నింపుతుంది. మండల విద్యాశాఖాధికారి, స్కూలు కాంప్లెక్సు ప్రధానోపాధ్యాయులు, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు ఈ వివరాలను సరిచూస్తారు. వీటి ఆధారంగా జిల్లా వార్షిక ప్రణాళిక తయారవుతుంది. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన సమగ్ర శిక్ష కార్యాలయం ఈ పని చూస్తుంది. జిల్లా ప్రణాళికలను రాష్ట్ర పథక సంచాలకుని కార్యాలయం క్రోడీకరించి ఢిల్లీకి పంపుతుంది. అక్కడి ప్రాజెక్టు ఆమోద మండలి ఒక్కొక్క పద్దును పరిశీలించి మంజూరు చేస్తుంది. ఆమోద మండలి అంగీకరించని పద్దుకు ఎంత అవసరమున్నా కేంద్ర నిధి రాదు.

మంజూరైన డబ్బు ప్రయాణించే దారి కాలక్రమంలో మారింది. 2014 వరకు కేంద్రం వాటా నేరుగా రాష్ట్ర పథక సంస్థ ఖాతాకు వచ్చేది. అక్కడి నుండి జిల్లాకు, తరువాత పాఠశాల బ్యాంకు ఖాతాకు జమ అయ్యేది. 2014-15 నుండి డబ్బు ముందుగా రాష్ట్ర ఖజానాకు చేరి, అక్కడి నుండి పథక సంస్థకు విడుదల కావలసి వచ్చింది. 2021 జూలై నుండి ఏక నోడల్ ఖాతా విధానం వచ్చింది. దీని ప్రకారం డబ్బు రాష్ట్ర స్థాయి ఖాతాలోనే ఉంటుంది. పాఠశాలకు జీరో బ్యాలెన్స్ ఖాతా, ఖర్చు చేయగల పరిమితి మాత్రమే ఉంటాయి. బిల్లును కంప్యూటరులో నమోదు చేసి, ఇద్దరు ఆమోదించిన తరువాత డబ్బు నేరుగా అమ్మకందారు ఖాతాకు వెళుతుంది.

ఈ విధానం వల్ల ఖాతాలలో డబ్బు నిరుపయోగంగా పడి ఉండడం తగ్గింది. ప్రతి రూపాయి జాడ తెలుస్తుంది. అయితే మారుమూల గ్రామంలో కుళాయి బాగుచేసిన పనివానికి, సుద్దముక్కలు ఇచ్చిన చిల్లర దుకాణానికి బ్యాంకు వివరాలతో కూడిన బిల్లు ఇవ్వడం సులభం కాదు. అటువంటి చిన్న ఖర్చులను ప్రధానోపాధ్యాయుడు ముందుగా చేతినుండి పెట్టుకోవడం పరిపాటి అయింది.

గ్రాంట్ల పరిమాణం

సర్వశిక్షా అభియాన్ మొదట్లో పాఠశాలకు సంవత్సరానికి 2,000 రూపాయల పాఠశాల గ్రాంటు, ఒక్కొక్క ఉపాధ్యాయునికి 500 రూపాయలు, నిర్వహణకు 5,000 రూపాయల వరకు ఉండేవి. తరువాత పాఠశాల గ్రాంటు ప్రాథమిక స్థాయిలో 5,000, ప్రాథమికోన్నత స్థాయిలో 7,000 రూపాయలకు పెరిగింది. అనగా మూడు గదులకు మించని, ఇద్దరు ఉపాధ్యాయులున్న ప్రాథమిక పాఠశాలకు 5,000 + 5,000 + 1,000 కలిపి 11,000 రూపాయలు వచ్చేవి. ఈ లెక్కలో పిల్లల సంఖ్య ప్రసక్తి లేదు.

2018లో వీటి స్థానంలో సంయుక్త పాఠశాల గ్రాంటు వచ్చింది. ఇది విద్యార్థుల సంఖ్యను బట్టి ఉంటుంది. 2021లో పొడిగించిన పథకపు నియమాల ప్రకారం వార్షిక మొత్తాలు ఇవి:

30 మంది వరకు - 10,000 రూపాయలు
31 నుండి 100 వరకు - 25,000 రూపాయలు
101 నుండి 250 వరకు - 50,000 రూపాయలు
251 నుండి 1,000 వరకు - 75,000 రూపాయలు
1,000కి పైన - 1,00,000 రూపాయలు

ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వినియోగించవలెను. మిగిలినది పనికిరాని సామగ్రి మార్పు, బోధనోపకరణాలు, ఆటవస్తువులు, విద్యుత్తు, ఇంటర్నెట్, నీటి ఖర్చులు, భవనపు చిన్న మరమ్మతులకు వాడవచ్చు. ఇవి కాక ప్రాథమిక పాఠశాలకు గ్రంథాలయానికి 5,000, క్రీడా సామగ్రికి 5,000 రూపాయల చొప్పున నియమం ఉన్నది.

చిన్న పాఠశాలల సమస్య

పై పట్టికను బట్టి 30 మంది పిల్లలున్న బడికి 10,000 రూపాయలు, 31 మంది ఉన్న బడికి 25,000 రూపాయలు వస్తాయి. ఒక్క విద్యార్థి తేడాతో 15,000 రూపాయల తేడా. 28 మంది పిల్లలతో ఇద్దరు ఉపాధ్యాయులు నడిపే పాఠశాలకు పాత నియమం కింద 11,000 రూపాయలు వచ్చేచోట, ధరలు పెరిగిన తరువాత 10,000 మాత్రమే వస్తాయి. పైకప్పు కారినా, విద్యుత్తు బిల్లు వచ్చినా ఆ ఖర్చు పిల్లల సంఖ్యను బట్టి తగ్గదు. ఉదయగిరి వైపు మెట్ట గ్రామాలలో భూగర్భ జలాలలో ఫ్లోరైడు సమస్య ఉన్నందున తాగునీటి ఖర్చు అదనం.

సెప్టెంబరు నాటికి కొన్ని కుటుంబాలు వలసపోతే, ఆ సంవత్సరపు సంఖ్య తగ్గి, దాని ప్రభావం తరువాతి సంవత్సరపు గ్రాంటుపై పడుతుంది. 2022లో 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలలో కలుపుటకు రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ విధంగా తరగతులు తరలిన ప్రాథమిక పాఠశాలలలో సంఖ్య మరింత తగ్గింది. ఆ ఉత్తర్వును 2025లో రద్దు చేశారు.

రెండవ సమస్య ఆలస్యం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో, బడి జూన్‌లో మొదలవుతాయి. అకౌంటబిలిటీ ఇనిషియేటివ్ అను సంస్థ 2009 నుండి దేశంలో పలు పాఠశాలలలో జరిపిన పైసా అధ్యయనాలు, గ్రాంట్లు తరచుగా సంవత్సరపు ద్వితీయార్ధంలో చేరుతున్నట్లు తెలిపినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు ఎంపికైన జిల్లా మెదక్. మార్చిలో వచ్చిన డబ్బును మార్చి 31 లోపు ఖర్చు చేయవలసి వచ్చినపుడు, అవసరమైన వస్తువు కంటే త్వరగా దొరికే వస్తువు కొనే ప్రమాదం ఉన్నది.

అమెరికాలో కూడా ఇటువంటి సమస్య ఉన్నందున 2001 నాటి చట్టంలో చిన్న గ్రామీణ పాఠశాల జిల్లాలకు ప్రత్యేక పథకం ఏర్పాటు చేశారు. సుమారు 600 మంది కంటే తక్కువ హాజరు గల గ్రామీణ జిల్లాలు కొన్ని కేంద్ర గ్రాంట్లను తమ అవసరాన్ని బట్టి ఇతర పద్దులకు వాడుకోవచ్చు. మన సంయుక్త గ్రాంటు పాత పద్దులను కలిపి కొంత వెసులుబాటు ఇచ్చినప్పటికీ, తక్కువ సంఖ్య గల బడికి ప్రత్యేక రక్షణ కల్పించలేదు.

పాఠశాల యాజమాన్య కమిటీ

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండవలెను. సభ్యులలో మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు కావలెను. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరు. 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయు బాధ్యత ఈ కమిటీదే.

గ్రాంటు ఖర్చుకు ముందు కమిటీ సమావేశంలో తీర్మానం చేయవలెను. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, ఓచర్లు, స్టాకు రిజిస్టరు అను నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోవలెను. కొన్న వస్తువు స్టాకు రిజిస్టరులో ఎక్కనిచో బిల్లు ఉన్నప్పటికీ ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. సంవత్సరాంతంలో వినియోగ ధ్రువపత్రం మండల విద్యాశాఖాధికారి ద్వారా జిల్లాకు చేరుతుంది.

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన మనబడి నాడు-నేడు కార్యక్రమంలో నిర్మాణ పనులను గుత్తేదారులకు కాక తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. అందులో రాష్ట్ర నిధులతో పాటు సమగ్ర శిక్ష, ఉపాధి హామీ పథకపు నిధులను కూడా కలిపి వాడారు. గ్రామ కమిటీలు పెద్ద మొత్తాల లెక్కలను కూడా నిర్వహించగలవని దీనివల్ల తెలిసింది.

మెట్ట ప్రాంతపు చిన్న బడి విషయంలో కమిటీ చేతిలో ఉన్నవి మూడు పనులు: సెప్టెంబరు 30 నాటి వివరాలు పంపుటకు ముందు సరిచూచుట, అభివృద్ధి ప్రణాళికలో నిజమైన అవసరాన్ని వ్రాతపూర్వకంగా పెట్టుట, మంజూరైన మొత్తము, ఖర్చు వివరాలను బడి గోడపై అందరికీ కనబడునట్లు వ్రాయుట. వలసలో ఉన్న పిల్లవాని పేరు సకాలంలో సరిగా నమోదు కావడం, కాకపోవడం అన్నది ఒక సంవత్సరమంతా ఆ బడికి వచ్చే నిధిని నిర్ణయించగలదు.