గిలకకు ఆముదం పోసినారా?

జరగండి పిల్లకాయలారా, ఇంకా రవ్వంత దగ్గిరికి జరగండి. ధనుర్మాసం చలి. పైగా శేషాచలం మీంద నుంచి దిగే గాలి. ఆ చెనక్కాయ తొక్కులు ఇట్ల పొయ్యండి, బిన్నా అంటుకుంటాయి.

పొద్దన మీ అక్క డాలసు నుంచి ఫోను చేసింది కదా. గొంతులో వణుకు. "తాతా, నాకు జూరీ సమను వచ్చింది, ఏం చేయాల" అనింది. ఆ దేశం పౌరసత్వం తీసుకున్న రెండో ఏడే వచ్చేసిందంట. మీ పెదనాయన పక్కనుంచి, "కోర్టా! ఏం తప్పు చేసినావమ్మా" అని అదిరిపడినాడు. నాకు నవ్వొచ్చింది. డెబ్బై ఏండ్ల ముందర ఇదే ఇంటికి అట్లాంటి కాగితం వస్తే మా అవ్వ కూడా అచ్చం అట్లనే అదిరిపడింది.

1952 అది. నాకు పదకొండేండ్లు. ఆ ఏడు మొదట్లోనే మనోళ్లంతా మొదటిసారి ఓట్లేసినారు. అవ్వ కూడా కొత్తకోక కట్టుకోని పోయి వేసొచ్చింది. చిత్తూరు జిల్లా అప్పుడు మదరాసు రాష్ట్రంలో ఉండింది. రేణిగుంట అంటే స్టేషనే. మదరాసు నుంచి గుంతకల్లు పక్కకు పోయే పెద్ద లైను ఒకటి, గూడూరు నుంచి కాట్పాడికి పోయే చిన్న లైను ఒకటి. గడియారం ఉన్న ఇల్లు తక్కువ. ఇంజను కూతను బట్టే పాలు పిండేది, పొయ్యి రాజేసేది.

కళ్లంలో పనిచేస్తా ఉంటే తలారిని ఎంటబెట్టుకోని డవాలీ బంట్రోతు వచ్చినాడు. ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ల. చూసిన వెంటనే అవ్వ గుండె బాదుకునింది. కరణం వచ్చి కాగితం చదివినాడు. ఫలానా తారీకు పొద్దన చిత్తూరు సెషన్సు కోర్టుకు అసెసరుగా హాజరు కావలసింది అని. "అసెసరు అంటే ముద్దాయా?" అనింది అవ్వ. "కాదమ్మా, జడ్జీ పక్కన కూర్చోని, వీడు చేసినాడా లేదా అని చెప్పే పెద్దమనిషి" అన్నాడు కరణం. అవ్వ నమ్మలా. జడ్జీ పక్కన కుర్చీ వేసి మా నాయనను కూర్చోబెడతారంటే ఎవురు నమ్ముతారు?

తరవాత నేను తిరుపతిలో ఒక వకీలు దగ్గిర గుమాస్తాగా ముప్పై ఏండ్లు పనిచేసినాను కాబట్టి ఈ సంగతులన్నీ పుస్తకంలో చూసినాను. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడు ప్రకారం సెషన్సు కోర్టులో కేసు జరగాలంటే జూరీ అయినా ఉండాల, అసెసర్లయినా ఉండాల. ఏ జిల్లాలో ఏ నేరానికి జూరీ అనేది ప్రభుత్వం ఉత్తర్వు వేసి చెప్పేది. మన పక్క ఖూనీ కేసంటే అసెసర్లే. జిల్లాలో 21 నుంచి 60 ఏండ్ల మధ్య మగోళ్లు ఎవురికైనా పిలుపు రావచ్చు. మగోళ్లు అని చట్టంలోనే రాసిపెట్టి ఉండింది. ఓటేసిన మా అవ్వ ఆ కుర్చీకి పనికిరాదన్నమాట. పేర్ల పట్టీ జడ్జీ, కలెక్టరు కలిసి తయారుచేసేది. పోలీసోళ్లకు, పూజార్లకు, డాక్టర్లకు, వకీళ్లకు, పోస్టాఫీసోళ్లకు పిలుపు లేదు. ఇంక రైలోళ్ల సంగతి చూడండి. రైల్లో పనిచేసే వాడికి సమను వస్తే, "ఈ మనిషి లేకపోతే జనానికి ఇబ్బంది" అని వాళ్ల ఆఫీసు పెద్ద రాసిస్తే కోర్టు వదిలిపెట్టొచ్చు. దానికొక సెక్షనే ఉండింది, 329. రేణిగుంటలో సగం ఊరు రైలోళ్లే కదా! మా ఎనక వీధి గార్డు ఒకాయనకు మా నాయనతో పాటే కాగితం వచ్చింది. రెండు దినాల్లో వదిలించుకున్నాడు. సేద్యగాడు పోతే ఎద్దులకు ఇబ్బంది అని రాసిచ్చే పెద్ద మా నాయనకు యాడుండాడు?

పోకపోతే నూరు రూపాయల దాకా జుర్మానా. కట్టకపోతే జప్తు. ఆ మాట చెప్పినాకనే అవ్వ సద్ది కట్టింది.

మా మేనత్తది చిత్తూరు గిరింపేట. ఆ నెపంతో నన్నూ ఎంటబెట్టుకోని పోయినాడు నాయన. కోడికూత పొద్దున చిన్న లైను బండి. తిరుపతి, చంద్రగిరి, పాకాల, అవన్నీ దాటి చిత్తూరు చేరేసరికి ఎండ ఎక్కింది. దారంతా నాయన నోరు తెరవలా. పాకాలలో ఇంజను నీళ్లు పట్టుకుంటా ఉంటే మాత్రం, "ఒరే, చంపినాడని మనం చెబితే వాణ్ణి ఉరేస్తారా?" అన్నాడు. నాకేం తెలుసు!

కోర్టు హాల్లో వెనక బెంచీ మీంద నన్ను కూర్చోబెట్టినారు. పిలిచిన వాళ్లలో నుంచి జడ్జీ నలుగుర్ని ఎంచుకున్నాడు. తిరుపతి బట్టలంగడాయన ఒకరు, రిటైరయిన అయ్యవారు ఒకరు, పాకాల పక్క భూస్వామి ఒకరు, మా నాయన. నాయన పేరు పిలవగానే లేచి, భుజం మీంది తువ్వాల తీసి నడుముకు చుట్టబోయినాడు. రెడ్డి ముందర, తాసిల్దారు ముందర అదే కదా అలవాటు. బంట్రోతు కండ్లతోనే వద్దన్నాడు. అప్పుడు దాన్ని ఏం చేయాల్నో తెలీక చేతిలో ఉండలు చుట్టి పట్టుకున్నాడు. కుర్చీ అంచున కోడి కూర్చున్నట్టు కూర్చున్నాడు. మూడు దినాలూ వీపు ఆనించలేదు ఆ మనిషి.

కేసు ఇది. గట్టు తగాదా. ఇద్దరూ పక్క పక్క కయ్యల వాళ్లే. తెల్లవారుజామున ఒకడు కొడవలి వేటు తగిలి చచ్చిపోయినాడు. ఎవురూ కండ్లారా చూడలేదు. మూడు కయ్యల అవతల కపిల తోలుతా ఉన్నవాడు ఒకడు సాక్షి. ముద్దాయి గొంతు తనకు బాగా తెలుసునని, "నిన్ను ఈ పొద్దు వదల్ను" అని ముద్దాయి అరిచింది తన చెవులారా విన్నానని చెప్పినాడు. వకీళ్లిద్దరూ వాణ్ణి తెగ అడిగినారు. ముద్దాయి ఎన్నేండ్లుగా తెలుసు, నీకూ వాడికీ పగ ఉందా, పోలీసులకు ఎప్పుడు చెప్పినావు. అన్నిటికీ నిమ్మళంగా జవాబు చెప్పినాడు వాడు. జడ్జీ తెలుగాయనే గానీ ఇంగ్లీషులో రాసుకుంటా ఉన్నాడు.

సాక్షి దిగిపోబోతా ఉంటే నాయన లేచి నిలబడినాడు. లేచినాడు గానీ మాట రాలా. జడ్జీ తలెత్తి, "ఏమన్నా అడగాల్నా?" అన్నాడు. అసెసరు జడ్జీ అనుమతితో సాక్షిని అడగొచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 166వ సెక్షను. నాయనకు సెక్షనూ తెలీదు, పాడూ తెలీదు. చేతిలో తువ్వాల పిసుకుతా అడిగినాడు.

"ఏమబ్బా, మీ కపిల గిలకకు ఆముదం పోసినారా?"

హాలంతా నవ్వు. సర్కారు వకీలు కూడా నవ్వినాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సాక్షి మాత్రం నవ్వలా. వాడూ సేద్యగాడే కదా, ఆ ప్రశ్న యాడ తగులుతుందో వాడికి తెలిసిపోయింది. ఒక గుటక మింగి, "ఆముదం యాడిది సామీ ఈ కరువులో, నెల దినాలుగా అది ఏడస్తానే ఉండె" అన్నాడు.

మీకు కపిల తెలీదు, మోటార్ల కాలం మీది. ఇంతలావు తోలుబాన, దాన్ని లాగే మోకు, బావి మీంద కొయ్య గిలక. ఎద్దులు దిగుడుబాటలో కిందికి పోతా ఉంటే బాన పైకొస్తది. గిలక ఎండిందంటే చూడండి, కీ...చుమని చెవులు చిల్లులు పడే కూత. పక్కన నడిచే ఎద్దును అదిలించినా దానికి వినపడదు. మోకు మీంద కూర్చున్న వాడికి ఆ కూత తప్ప లోకంలో వేరే చప్పుడు లేదు. నాయన పుట్టి బుద్ధెరిగినాక తెల్లవారుజామున చేసిన పని అదొకటే. "అయితే మూడు కయ్యల అవతల మాట..." అని ఏదో చెప్పబోయినాడు. "ప్రశ్న చాలు, కూర్చోండి" అన్నాడు జడ్జీ. అంటానే కలం పట్టుకోని రాసుకున్నాడు. నేను చూసినాను రాసుకునేది. నవ్విన వాళ్లందరూ అప్పుడు నోరు మూసుకున్నారు.

మూడో దినం వాదాలు అయిపోయినాయి. జూరీకయితే లోపలికి పోయి తలుపేసుకోని మాట్లాడుకునే వెసులుబాటు ఉంటుంది. అసెసర్లకు అట్ల కాదు. ఒక్కొక్కర్నీ నిలబెట్టి జడ్జీ అడుగుతాడు, నోటితో చెప్పాల, అది రాసుకుంటారు. ముద్దాయి ఎదురుగానే నిలబడి ఉంటాడు. అంగడాయన "నేరస్థుడే" అన్నాడు. అయ్యవారు "నేరస్థుడే" అన్నాడు. భూస్వామి కూడా అంతే. నాయన వంతు వచ్చింది. "నాకు నమ్మకం కలగలేదు దొరా. నేరం లేదు" అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

అసెసరు మాటను జడ్జీ వినాల్సిన పని లేదు. 309వ సెక్షను అదే చెప్పేది. అభిప్రాయం అడగాల, రాసుకోవాల, తీర్పు మాత్రం తనిష్టం. జూరీ మాట అట్ల కాదు. ఒప్పుకుంటే జడ్జీ దాని ప్రకారం తీర్పివ్వాల, అది తప్పని గట్టిగా తోస్తే హైకోర్టుకు రాయాల, అంతేగానీ తోసెయ్యలేడు. ఈ కేసులో జడ్జీ ముద్దాయికి ద్వీపాంతర శిక్ష వేసినాడు. గొంతు విన్న సాక్ష్యం నమ్మదగింది కాదని అసెసరు ఒకరు ఎత్తిచూపినారనీ, అది తీసేసినా ఇంట్లో దొరికిన కొడవలీ నెత్తుటి మరకలూ చాలుననీ తీర్పులో రాసినాడంట. అప్పీలులో మదరాసు హైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

అడిగి వినకపోవడం ఏం మర్యాదరా అని నాకు ఇప్పటికీ కోపమే. పిలిచి, కుర్చీ వేసి, మూడు దినాలు పని చెడగొట్టి, చివరికి నీ మాట నీదే నా తీర్పు నాదే అంటే, దాన్ని న్యాయంలో పాలు అంటారా? అది ఉత్త అలంకారం. నాయనకు మాత్రం ఆ కోపం లేదు. ఆయన బాధ వేరే. "వాడు చేసిన్నాడేమో రా, నేను లేదని చెప్పినానేమో" అని రాత్రుళ్లు లేచి కూర్చునేవాడు. ఇంకో దినం, "చెయ్యలేదేమో, వాళ్లు ముగ్గురూ చేసినాడన్నారే" అనేవాడు. అప్పట్నుంచి మన బావి గిలకకు దినమూ పొద్దన్నే ఆయనే ఆముదం పోసేవాడు, మాకు వదిలేవాడు కాదు. ఆ గిలక ఇప్పటికీ గొడ్లచావిట్లో అటక మీంద ఉంది. చేత్తో తాకి చూడండి, జిడ్డు పోలేదు.

అసెసర్ల కథ 1955 సవరణతో ముగిసింది. జూరీ ఇంకా కొన్నాళ్లు ఈడ్చింది. మదరాసు హైకోర్టు జూరీలో తొమ్మిదిమంది ఉండేవాళ్లు. లక్ష్మీకాంతన్ హత్య కేసులో 1945లో సినిమా వాళ్లు త్యాగరాజ భాగవతార్‌ను, ఎన్.ఎస్. కృష్ణన్‌ను నేరస్థులన్నది అట్లాంటి జూరీనే. అదే జూరీ పక్షిరాజా శ్రీరాములు నాయుడును వదిలేసింది. రెండేండ్లు జైల్లో ఉన్నాక ప్రివీ కౌన్సిలు దాకా పోయి 1947లో మిగతా ఇద్దరూ బయటపడినారు. ఇంక బొంబాయిలో నానావతి కేసు అందరికీ తెలిసిందే. 1959లో ఎనిమిదిమంది నేరం లేదన్నారు, ఒక్కడే ఉందన్నాడు. జడ్జీ ఒప్పుకోక హైకోర్టుకు రాసినాడు, శిక్ష పడింది. 1961లో సుప్రీంకోర్టులో దాన్ని ఖాయం చేస్తా తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారే. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీకి మొదటి చాన్సలరు ఆయన. నానావతి వల్లనే జూరీ పోయిందని అందరూ చెబుతారు గానీ, దాన్ని ఎత్తేయాలని లా కమిషను 1958లోనే రాసిపెట్టింది. 1974 ఏప్రిల్లో కొత్త కోడు వచ్చినాక జూరీ మాటే లేదు. ఇప్పుడు మనదేశంలో అట్లాంటిది మిగిలిందంటే పార్సీల పెండ్లి తగాదాల్లోనే.

పొద్దన మీ అక్కకు ఇదంతా చెప్పినాను. భయపడొద్దమ్మా, నువ్వు ముద్దాయివి కావు అన్నాను. పోతే అరవై మందినో నూరు మందినో ఒక హాల్లో కూర్చోబెడతారు. వకీళ్లు నిన్నే ప్రశ్నలు అడుగుతారు, ఈ మనిషి నీకు తెలుసా, పోలీసులంటే నీకు పడుతుందా అని. ఉన్నది ఉన్నట్టు చెప్పాల. చాలామందిని ఇంటికి పంపిస్తారు. తీసుకుంటే మాత్రం కేసు సంగతి ఇంట్లో మొగుడి దగ్గిర కూడా ఎత్తకూడదు, ఫోన్లో వెతకకూడదు. పెద్ద నేరమయితే పన్నెండు మంది ఉంటారు, పన్నెండు మందీ ఒకే మాట మీంద ఉండాల. నీ ఒక్కదాని నోటికి అంత బరువుంది అన్నాను.

"ముత్తాత మాదిరి నేను కూడా సాక్షిని అడగొచ్చా తాతా?" అనింది. అడిగేదానికి లేదంట. టెక్సాసులో క్రిమినలు కేసయితే జూరీ సాక్షికి ప్రశ్నలు వేయకూడదు. నాయన అడగగలిగినాడు, ఆయన మాట చెల్లలేదు. దీని మాట చెల్లుతుంది, గిలక సంగతి అడగలేదు.

సోమవారం పొద్దన ఎనిమిదింటికి దాని పిలుపు. మనకప్పుడు రాత్రి ఏడున్నర. ఇదే మంట కాడ ఉంటాం. తీసుకున్నారో పంపించేసినారో బయటికి వస్తానే ఫోను చెయ్యమన్నాను.