జబ్బా? మందా? పూత స్టెరాయిడ్లపై 70 ఏళ్ల విచారణ

ఒంటికి రాసుకునే మందు ఒంట్లోకి ఏం పోతుందిలే అనే ధీమా మనలో చాలామందికి ఉంది. పూత స్టెరాయిడ్ల విషయంలో ఆ ధీమా ఒక్కరోజులో సడలలేదు. దాని వెనుక 70 ఏళ్ల పరిశీలన ఉంది.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతానికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి అద్భుతం చూపించాడు. రెండేళ్లకే నోబెల్ బహుమతి అందుకున్నాడు. అదే కార్టిసోన్‌ను చర్మానికి పూస్తే మాత్రం ఫలితం కనిపించలేదు. 1952లో న్యూయార్క్ వైద్యులు సల్జ్‌బెర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్ పూసి చూశారు. ఎగ్జిమా దురద, ఎరుపు తగ్గాయి. ఆ తర్వాత దానికన్నా ఎన్నో రెట్లు ఘాటైన మందులు వరుసగా వచ్చాయి.

ఘాటు పెరిగేకొద్దీ కొత్త ఫిర్యాదులూ మొదలయ్యాయి. 1963లో ఎప్‌స్టీన్ బృందం గజ్జల్లో పూత వాడినవారికి చర్మం పలచబడి చారలు పడటాన్ని నమోదు చేసింది. గజ్జల్లోనే ఎందుకు? 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచి చెప్పారు. ముంజేతి చర్మం పీల్చుకునే హైడ్రోకార్టిసోన్‌ను 1 అనుకుంటే, నుదురు 6 రెట్లు, దవడ 13 రెట్లు, వృషణాల చర్మం 42 రెట్లు పీల్చుకుంటాయి. ఒకే ట్యూబు ఒకచోట మందు, ఇంకోచోట ముప్పు.

మందు పూసినచోటే హాని కనబడితే లంకె పట్టుకోవడం తేలిక. అసలు చిక్కు, హాని జబ్బు వేషం వేసుకుని వచ్చినప్పుడు. 1968లో ఐవ్, మార్క్స్ అనే బ్రిటిష్ వైద్యులు అలాంటిదే బయటపెట్టారు. తామరకు స్టెరాయిడ్ రాస్తే దురద, ఎరుపు తగ్గుతాయి, ఫంగస్ మాత్రం గుట్టుగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి వైద్యుడే పోల్చుకోలేని ఆ స్థితికి వారు ‘టీనియా ఇన్‌కాగ్నిటో’ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది స్నెడన్ అనే వైద్యుడు ముఖం ఎర్రబారే రోజేషియా జబ్బు సంగతి రాశాడు. ఘాటైన పూత ఆపగానే ముఖం భగ్గుమంటుంది. జబ్బు తిరగబెట్టిందనుకుని రోగి మళ్లీ అదే రాస్తాడు. మందు పెట్టిన మంటకు మందే ఉపశమనం!

చర్మం దాటి ఒంట్లో జరిగే హానిని కంటితో పట్టలేం. రక్తపరీక్షలు కొంత చెప్పాయి. అతి ఘాటైన క్లోబెటసాల్ పూత రోజుకు 2 గ్రాములు వాడినా కొందరిలో అడ్రినల్ గ్రంథి పని మందగించవచ్చని తేలింది. నెలలు, ఏళ్ల తర్వాత బయటపడే హానికి మాత్రం వేలు, లక్షలమంది మందుల చీటీలు తిరగేయాలి. గర్భిణుల విషయంలో 2013లో బ్రిటన్ రికార్డులతో అదే చేశారు. గ్రహణమొర్రితో, నెలలు నిండని కాన్పుతో లంకె కనబడలేదు. ఘాటైన పూత 300 గ్రాములు దాటినప్పుడు మాత్రం బిడ్డ బరువు తగ్గే అవకాశం కనిపించింది. 2021లో డెన్మార్క్‌లో 7 లక్షలకు పైగా వ్యక్తుల మందుల లెక్క తీశారు. ఘాటైన పూతల మొత్తం రెట్టింపైనప్పుడల్లా ఎముకలు గుల్లబారే ముప్పు సుమారు 3 శాతం పెరిగింది. ఇది లంకె మాత్రమే, తీర్పు కాదు. తీవ్రమైన ఎగ్జిమా కూడా ఎముకను దెబ్బతీయవచ్చు. అయితే మోతాదుతో పాటే ముప్పూ పెరగడం అనుమానానికి బలం.

మన దేశంలో కథ ముఖం మీద నడిచింది. 2008లో లాహిరి, కుందు ‘స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖం’ అనే అర్థంలో ఒక పేరే పెట్టారు. 2011లో అచ్చయిన 12 కేంద్రాల అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవారే. తెల్లబడటానికి కొందరు, మొటిమలకు కొందరు. వైద్యులు కానివారి సలహాతో మొదలుపెట్టినవారే ఎక్కువ. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదంది.

డెన్మార్క్ తన లెక్క తీయగలిగింది, అక్కడ ప్రతి చీటీ నమోదవుతుంది కనుక. చీటీ లేకుండా కొన్న ట్యూబు ఏ లెక్కలోకీ రాదు. దాని హానీ అంతే. ఇన్నేళ్ల పరిశీలన స్టెరాయిడ్ పూతను దోషిగా నిలబెట్టలేదు. సరైన రోగికి, సరైన చోట, సరైన రోజులు వాడితే అది ఇప్పటికీ మేలైన మందే. కాబట్టి ఈసారి చర్మవైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో సగం వాడి పెట్టిన ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఎక్కడ రాశారో, ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి. నెలల తరబడి వాడుతున్నదైతే, ఆయన్ను అడగకుండా ఒక్కసారిగా మానేయకండి.