మోటారు కారు ప్రోగ్రాము: దిద్దుబాట్ల పూర్వకథ

అమెరికా దేశమున వాయుకాలుష్య నివారణార్థము 1970లో చేయబడిన చట్టమే మోటారు కారులోనికి కంప్యూటరును రప్పించినదనుట అతిశయోక్తి కానేరదు. పొగలోని మూడు విధముల విషవాయువులను ఒక్కమారే శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు సరిగా పనిచేయవలెనన్న, తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి కలియవలెను. మిట్టయైనను పల్లమైనను, చలియైనను ఎండయైనను ఈ కొలత తప్పకుండ పాటించుట పాత కార్బురేటరునకు శక్యము కాలేదు. 1977లో ఓల్డ్స్‌మొబీల్ టోరొనాడో కారున స్పార్కు వేళను నిర్ణయించుటకు మైక్రోప్రాసెసరు అమర్చబడెను. 1981 నాటికి జనరల్ మోటార్స్ సంస్థ స్వదేశమున అమ్మెడు తన పెట్రోలు కార్లలో ఇంచుమించు అన్నిటికిని ఇంజనును కంప్యూటరు వశము గావించెను.

ఆ కంప్యూటరున కాధారమైన ఆజ్ఞలును కొలతలును చిప్పులలో, కారున నుండగా మార్చ వీలులేకుండ, లిఖింపబడి యుండెడివి. ఇంజను చలిలో తడబడుచున్నదని యజమాని మొరపెట్టుకొనినచో, మెకానిక్కు డ్యాష్‌బోర్డు క్రింది పెట్టె మూత విప్పి, పాత చిప్పును పెరికి, కంపెనీ పంపిన క్రొత్తదానిని సన్నని లోహపు కాళ్లు వంగకుండ మెల్లగా అదిమి కూర్చెడివాడు. అట్టి చిప్పులలో ఒక విధమైన, 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈప్రోమ్ చిప్పునకు నడినెత్తిన చిన్న క్వార్ట్జు గవాక్షముండెను. దానిగుండ అతినీలలోహిత కిరణములను కొన్ని నిమిషములు ప్రసరింపజేసిన లోపలి వ్రాత సమస్తము తుడిచిపోవును గనుక, వెలుతురు సోకకుండ దానిపై కాగితపు ముక్క యంటించెడివారు.

చిప్పులు మార్చు ఈ ప్రయాసయే ఆనాటి నిర్మాతలకు గురుస్థానమున నిలిచెనని నా దృఢవిశ్వాసము. ఒక్క అంకె తప్పినను వేలకొలది చిప్పులు చేయించి, దేశమంతటికిని పంపి, ప్రతి మెకానిక్కునకును కూలి చెల్లింపవలసి యుండుటచేత, కారు కార్ఖానా గడప దాటకమునుపే పరీక్షలు పూర్తిచేయుట వారికి విధియైనది.

తోషిబా సంస్థలో ఫుజియో మసువొకా 1984లో ప్రకటించిన ఫ్లాష్ మెమరీ ఈ బంధమును సడలించెను; 1990ల నుండి చిప్పు పెరుకకయే, తీగ తగిలించి ప్రోగ్రామును మార్చుట సాధ్యమయ్యెను. 2012లో విక్రయమునకు వచ్చిన టెస్లా మోడల్ ఎస్ కారునకు దిద్దుబాటు గాలిలోనే అందుటచేత ఆ తీగయు నక్కరలేకపోయెను.

2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను పరిశోధకులు జీప్ చెరోకీ కారును ఇంటర్నెట్టు ద్వారా దూరమునుండియే లోబరచుకొని చూపగా, 14 లక్షల వాహనములను దిద్దవలసి వచ్చెను. అపరిచితుడు ఇంటినుండియే చేరగలిగిన కారునకు, దిద్దిన ప్రోగ్రాము మాత్రము యూఎస్‌బీ కడ్డీలో తపాలా ద్వారా వచ్చెను. 2018లో, గంటకు 60 మైళ్ల వేగమునుండి నిలుచుటకు టెస్లా మోడల్ 3 కారునకు 152 అడుగులు పట్టినదని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ప్రకటింపగా, కొలది దినములలోనే గాలిలో వచ్చిన దిద్దుబాటుతో అది 133 అడుగులకు తగ్గెను. ఈ నేర్పు శ్లాఘనీయమే. కాని ఆ 19 అడుగుల మేర వీధి దాటుచు ఒక బాలుడుండవచ్చును గదా! పత్రికవారు కొలువకమునుపే కారు కొనినవారిని గూర్చి నా మనస్సు కలత చెందుచున్నది.

2020లో ఐక్యరాజ్యసమితి పక్షమున ఆమోదము పొందిన 156వ నిబంధన, దిద్దుబాటు విషయమును వాహనదారునకు తెలియజేయవలెననియు, అది నడుమ విఫలమైనచో వాహనము పూర్వపు ప్రోగ్రామునకు మరలుటయో సురక్షితస్థితిలో నిలుచుటయో జరుగవలెననియు శాసించినది.